టెక్ సందేహాలు: తెర మీద 40 అంటే 40 లీటర్ల ఆక్సిజనా?

ప్రశ్న: నిమోనియాతో మా నాన్నగారిని బరంపురం ఐసీయూలో హై ఫ్లో మెషిన్ మీద ఉంచారు. తెర మీద 40 అని ఉండేది. ఇప్పుడు ఇంటికొచ్చారు, నిమిషానికి 2 లీటర్ల ఆక్సిజన్ చాలన్నారు డాక్టరుగారు. మా దగ్గర 5 లీటర్ల కాన్సంట్రేటర్ (గది గాలి నుంచి ఆక్సిజన్ వేరుచేసే యంత్రం) ఉంది. ఆ మెషిన్ కొని దీనికి తగిలిస్తే మేలా? (పర్లాకిమిడి పాఠకుడు)

జవాబు: కొనకండి. ఆ 40 నిమిషానికి వెళ్లే మొత్తం గాలి. అందులో ఆక్సిజన్ ఎంతో పక్కనే శాతంలో చూపిస్తుంది. ఆ మెషిన్ ఆక్సిజన్ తయారు చెయ్యదు. పైపులోంచి వచ్చేదాన్ని గది గాలితో కలిపి, 37 డిగ్రీలకు వేడిచేసి, తేమ పట్టించి పంపుతుంది. బాగా ఆయాసపడేవారు నిమిషానికి 30 లీటర్లు దాటిన వేగంతో గాలి లాగుతారు. ముక్కుకు పెట్టే మామూలు సన్న గొట్టంలో 5 లీటర్లే వస్తే మిగతాది గది గాలే, ఆక్సిజన్ పలచబడిపోతుంది. హై ఫ్లో ఆ లోటు పూడుస్తుంది.

మీ కాన్సంట్రేటర్ ఇచ్చే 5 లీటర్లు సుమారు 93 శాతం ఆక్సిజన్. దాన్ని 40 లీటర్ల గాలిలో కలిపితే తేలేది 30 శాతం. సన్న గొట్టంతో 2 లీటర్లు పెట్టినా దాదాపు 28 అందుతుంది! ఇక 40 లీటర్ల మీద 60 శాతం కావాలంటే నిమిషానికి 20 లీటర్ల ఆక్సిజన్ పోయాలి. 7000 లీటర్ల పెద్ద సిలిండర్ ఆరు గంటలైనా రాదు.

ఆ డబ్బు కరెంటు పోయిన రోజుకి దాచండి. 2018లో తిత్లీ తుపాను మీ గజపతి జిల్లాను ఎలా కుదిపిందో మీకు తెలుసు. 1500 లీటర్ల సిలిండర్, రెగ్యులేటర్ ఇంట్లో ఉంటే 2 లీటర్ల మీద 12 గంటలు నిలుస్తుంది. ఇన్వర్టర్ ప్యూర్ సైన్‌వేవ్‌దే (ఇంటి కరెంటు లాంటి నున్నటి అలనిచ్చేదే) తీసుకోండి, స్క్వేర్‌వేవ్‌ది అయితే కంప్రెసర్ వేడెక్కుతుంది. కాన్సంట్రేటర్ గోడకు జానెడు ఎడంగా ఉండాలి, ఫిల్టర్ వారానికోసారి కడిగి పూర్తిగా ఆరాకే పెట్టాలి. దగ్గర్లో పొయ్యి, దీపం, బీడీ ఉండకూడదు.

ఆక్సీమీటర్ అంకె డాక్టరుగారు చెప్పిన హద్దు కిందికి జారినా, ఊపిరి నిమిషానికి 30కి చేరినా లీటర్లు పెంచుకుంటూ కూర్చోవద్దు, ఆసుపత్రికి బండి ఎక్కించండి.

ప్రశ్న: ఐసీయూలో మా అత్తకి పెట్టిన హై ఫ్లో గొట్టంలో నీళ్లు గుడగుడమంటున్నాయి. ప్రమాదమా? (రాయగడ పాఠకురాలు)

జవాబు: ఏసీ గాలి తగిలి గొట్టంలోని తేమ నీరవుతోంది. గొట్టం మెషిన్ వైపు వాలుగా ఉంటే ఆ నీరు వెనక్కి, నీటి గిన్నెలోకి పోతుంది. ముక్కు వైపు పారితే దగ్గు వస్తుంది, వెంటనే సిస్టరుగారికి చెప్పండి. మీరుగా గొట్టం ఊడదీయొద్దు.