రంగూన్ నుంచి వచ్చిన టీ కప్పులు ఎప్పటివి?

ప్రశ్న: మా తాతగారు రంగూన్‌లో పనిచేసి, 1941లో యుద్ధం అక్కడికి రాకముందే ఓడెక్కి కాకినాడ వచ్చేశారట. అప్పుడు తెచ్చిన జపాన్ టీ సెట్టు ఇప్పుడు నా దగ్గరుంది. బూడిద రంగు మీద ఉబ్బెత్తుగా డ్రాగన్, అడుగున ఇంగ్లిషులో 'మేడ్ ఇన్ జపాన్'. పాత సామాన్లు కొనే ఒకాయన 200 ఏళ్ల నాటిదన్నారు, ఇంకొకాయన మొత్తం డూప్లికేట్ అన్నారు. ఎవరిని నమ్మాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఇద్దరినీ నమ్మకండమ్మా. 200 ఏళ్ల కిందట జపాన్‌లో ఎవరూ కప్పు అడుగున ఇంగ్లిషులో రాయలేదు. ఆ రాత వెనక అమెరికా చట్టం ఉంది. బయటి సరుకు మీద ఏ దేశానిదో రాసి ఉండాలని 1890లో మెకిన్లీ టారిఫ్ చట్టం తెచ్చారు, 1891 నుంచి జపాన్ వాళ్లు 'నిప్పన్' అని వేసేవారు, అది జపాన్ భాష మాట, ఇంగ్లిషులో 'జపాన్' అనే ఉండాలని 1921లో అమెరికా కస్టమ్స్ పట్టుబట్టింది. అందుకే 'మేడ్ ఇన్ జపాన్' ఉన్నవి చాలావరకు 1921 తర్వాతివే. రంగూన్ సరుకుకి అమెరికా చట్టంతో పనేంటి అంటారా, నిజమే, అందుకే నేను ముద్ర ఒక్కటే చూసి తేల్చను. కానీ మీ తాతగారు 1941లో వచ్చేశారు కాబట్టి సెట్టు ఆ ఇరవై ఏళ్లలోదే అయ్యుండాలి.

ఒక్క పని మాత్రం చేయండి, ప్రతి కప్పూ ప్రతి సాసరూ తిరగేసి చూడండి, పాత సెట్లలో పగిలినవాటి బదులు తర్వాత కొన్నవి కలిసిపోతుంటాయి. 'ఆక్యుపైడ్ జపాన్' అని కనిపిస్తే అది యుద్ధం తర్వాత, అమెరికా సైన్యం అక్కడున్న రోజుల్లోది. 1952లో ఆ ఏలుబడి అయిపోయింది. అలాంటి కప్పు మీ తాతగారు తెచ్చింది కాదు.

డూప్లికేట్ సంగతికొస్తే, దొంగ ముద్రలు వేసేవాళ్లు ఎక్కువగా వేసేది 'నిప్పన్' అని, ఎందుకంటే ధర దానికే ఎక్కువ. మీ దాని మీద అది లేదు కదా.

ఇక డ్రాగన్ మీద వేలు పెట్టి నెమ్మదిగా రాయండి. పొలుసులు గరుగ్గా తగులుతాయి. పల్చటి మట్టిముద్దని గోరింటాకు కోన్‌లా నొక్కుతూ గీసిన పని అది, మొరియాగె అంటారు. అచ్చు కాగితంతో దించిన బొమ్మైతే చేతికి నున్నగా ఉంటుంది, భూతద్దంలో సన్నటి చుక్కలు కనిపిస్తాయి. ఖాళీ కప్పుని కిటికీ వైపు ఎత్తి లోపలికి కూడా చూడండి. కొన్నిట్లో అడుగున జపాన్ అమ్మాయి ముఖం తేలుతుంది, రంగేమీ ఉండదు, పింగాణీ పల్చగా ఉన్నచోట వెలుగు, మందంగా ఉన్నచోట నీడ, అంతే. మీ కప్పుల్లో ఉంటే చూసినప్పుడు మీకే ఒళ్లు పులకరిస్తుంది.

అమ్మేద్దామనుకుంటే తొందరపడకండి. ఈ రకం లక్షలు పలికేది కాదు, జపాన్ నుంచి బోలెడు వచ్చాయి, కానీ తాతగారి రంగూన్ కథని ఒక కాగితం మీద రాసి సెట్టుతోపాటు దాచండి. పీచుతో, చింతపండుతో మాత్రం తోమొద్దు, అంచున బంగారు గీత ఉంటే చెరిగిపోతుంది. గోరువెచ్చటి నీళ్లు, మెత్తటి బట్ట చాలు.