మాంసమూ పాలూ ఎందుకు కలపరు?

ప్రశ్న: మేకపిల్లను దాని తల్లిపాలతో ఉడకబెట్టకూడదని మాత్రమే పాత నిబంధనలో ఉంది. పైగా ఆదికాండము 18వ అధ్యాయంలో అబ్రాహాము అతిథులకు వెన్న, పాలు, దూడమాంసం వడ్డించాడు. అయినా యూదులు మాంసానికీ పాలకూ వేర్వేరు గిన్నెలు వాడతారని విన్నాను. ఈ ఆచారం ఎలా పుట్టిందో దయచేసి వివరించగలరు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీరు ప్రస్తావించిన ఆజ్ఞ నిర్గమకాండములో 2 సార్లు, ద్వితీయోపదేశకాండములో ఒకసారి కనిపిస్తుంది. ధర్మశాస్త్రంలో ఏ మాటా ఊరికే రెండోసారి రాదని నమ్మిన రబ్బీలు (యూదు మతగురువులు), ఆ మూడు చోట్ల నుంచి మూడు నిషేధాలను గ్రహించారు: మాంసాన్ని పాలతో వండకూడదు, తినకూడదు, అలాంటి వంటకంతో ఏ లాభమూ పొందకూడదు. అబ్రాహాము కాలమంటారా, అది మోషేకు సీనాయి కొండమీద ధర్మశాస్త్రం అందడానికి ఎంతో ముందుది.

ఆ ఆజ్ఞ మొదట ఎందుకు వచ్చిందన్నది పాత చర్చే. విగ్రహారాధకులు తమ పండుగల్లో అలా వండేవారేమోనని 12వ శతాబ్దంలో యూదు తత్వవేత్త మైమోనిడీస్ ఊహించాడు. సిరియా తీరంలోని ఉగారిత్ శిథిలాల్లో దొరికిన ఒక మట్టిపలకపై 'పాలలో మేకపిల్ల' అని ఉన్నట్టు 1930లలో కొందరు చదివినప్పుడు ఆ ఊహకు రుజువు దొరికిందనుకున్నారు. పలక ఆ చోట దెబ్బతిని ఉండడం వల్ల, తర్వాతి పండితుల్లో చాలామంది ఆ పాఠాన్ని ఒప్పుకోలేదు.

ఆచారం పెరిగిన తీరు తెలుసుకోవాలంటే, క్రీ.శ. 200 ప్రాంతంలో రబ్బీ యెహూదా హనాసి కూర్చిన మిష్నా అనే యూదు ధర్మ సంకలనంలో హుల్లిన్ అనే భాగం 8వ అధ్యాయాన్ని తప్పక చదవండి. పక్షికి తల్లిపాలు ఉండవు కాబట్టి పక్షిమాంసానికి ఈ నిషేధం వర్తించదని గలిలయకు చెందిన రబ్బీ యోసే అందులో వాదిస్తాడు. ఆయన ఊళ్లో దాన్ని పాలతోనే తినేవారని, మిష్నాపై రబ్బీల చర్చల గ్రంథమైన తల్ముదు చెబుతుంది. లేవీ అనే పండితుడు ఒక వేటగాడి ఇంటికి వెళ్లగా, పాలలో వండిన నెమలి తలను వడ్డించారట. ఆయన తినలేదు, కానీ ఏమీ అనలేదు. వారిని ఎందుకు వెలివేయలేదని యెహూదా హనాసి అడిగితే, అక్కడి గురువు బహుశా యోసే అభిప్రాయాన్నే బోధించి ఉంటాడని బదులిచ్చాడు. ఒక ప్రాంతపు వాడుకను మరో ప్రాంతపు పండితుడు అంతగా గౌరవించడం నాకు ఎంతో విలువైన విషయంగా తోస్తుంది. కాలక్రమంలో పక్షిమాంసాన్ని కూడా పాలకు దూరం పెట్టాలన్న అభిప్రాయమే నిలిచింది.

మీరడిగిన వేరు గిన్నెల సంగతికి మూలం కూడా తల్ముదులోనే ఉంది. వేడి పదార్థం రుచి పాత్రకు పడుతుందనీ, ఆ పాత్ర నుంచి మరో వంటకానికి చేరుతుందనీ అక్కడ చర్చించారు. మాంసం తిన్నాక పాలపదార్థాలకు ఎంతసేపు ఆగాలన్న దానిపై మాత్రం నేటికీ ఒకే మాట లేదు. చాలామంది 6 గంటలు ఆగుతారు, నెదర్లాండ్స్ యూదుల సంప్రదాయంలో ఒక గంట చాలు.