పిల్లల తిట్లు, మన తిట్లు

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ మూడో సంవత్సరం. హాల్లో కూర్చుని ఫోన్లో వెబ్ సిరీస్ పెడతాడు. మాటమాటకీ అమ్మనో అక్కనో లాగే తిట్టే. మొన్న అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో ఫ్రెండ్‌తో ఫోన్ మాట్లాడుతూ తనూ అదే మాట గట్టిగా అన్నాడు. పక్కనున్న పెద్దాయన తిరిగి చూసేసరికి నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అడిగితే, "అది తిట్టు కాదమ్మా, ఊతపదం" అంటాడు. మా రోజుల్లో ఇలా ఉండేదా? దీనికి చట్టమేమీ లేదా?
- ఒక తల్లి, నల్లకుంట

జవాబు: మీ సిగ్గు నాకు అర్థమైందమ్మా. "మా రోజుల్లో ఇలా ఉండేదా" అన్నారే, అక్కడ మాత్రం మీతో పేచీ ఉంది. ఉండేది. తిట్లు వేరు, అంతే. అంబర్‌పేటలో మేమున్న వాడలో కుళాయి దగ్గర బిందెల వరుస తప్పిందంటే, మొగుడు పోయిన ఆడవాళ్ళ మీద పుట్టిన ఆ తిట్టు పడాల్సిందే. తిట్టేదీ ఆడవాళ్ళే, పడేదీ ఆడవాళ్ళే. కులానికొకటి, కాలు ఈడ్చేవాడికొకటి, నత్తివాడికొకటి ఉండేవి. మా కిరాణా కొట్టాయనకి నత్తి. వాడలో అందరూ ఆయన్ని ఆ పేరుతోనే పిలిచేవాళ్ళు. అసలు పేరేమిటో ఆయన కూతురి శుభలేఖ చూశాక తెలిసింది మాకు! అప్పుడు ఎవరూ చెవులు మూసుకోలేదు. మర్యాదస్తుల ఇళ్ళలోనైతే అవే మాటలు సామెతల వేషంలో తిరిగేవి.

నేను చాన్నాళ్ళు పత్రిక డెస్కులో పనిచేశాను. రాత్రి వచ్చే క్రైమ్ వార్తల్లో మండల విలేకరి ఎఫ్‌ఐఆర్‌లో ఉన్నదంతా ఉన్నట్టు దించేసేవాడు. ఫిర్యాదులో అన్న మాట అన్నట్టే రాయమంటారు కదా, లేకపోతే కేసు నిలబడదని. మన తిట్లన్నీ చుక్కలూ గీతలూ లేకుండా నిండుగా దొరికేది పోలీస్ స్టేషన్లోనే. మేం అదంతా కొట్టేసి, "అసభ్య పదజాలంతో దూషించాడు" అని పెట్టేవాళ్ళం. కులం తిట్టయితే మాత్రం "కులం పేరుతో దూషించాడు" అని విడిగా రాయాలి. అది వేరే కేసు మరి. నలుగురిలో ఎస్సీ, ఎస్టీలను కావాలని అవమానించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టంలోనే నేరం. కులం పేరుతో తిట్టడాన్ని 2015 సవరణ పేరుపెట్టి మరీ చేర్చింది. 2016లో దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది. నలుగురిలో వాళ్ళని కించపరచాలని అవమానిస్తే ఆరు నెలలకు తగ్గకుండా, ఐదేళ్ళ దాకా జైలు. ఇక 2023లో సుప్రీంకోర్టు, తీర్పుల్లో ఆడవాళ్ళ గురించి ఏ మాటలు రాయకూడదో, వాటి బదులు ఏం రాయాలో చెబుతూ ఏకంగా ఒక పుస్తకమే వేసింది. జడ్జీలకే చెప్పాల్సి వచ్చిందంటే ఆ మాటలు ఎంత లోపలికి దిగాయో చూడండి.

మా అరుగుల మీద హాయిగా నడిచిన తిట్లకి ఇప్పుడు జైలుంది. మీవాడి మాట సంగతి వేరు. భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో ఇతరులకి ఇబ్బంది కలిగేలా అశ్లీలమైన మాటలంటే మూడు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఏది అశ్లీలం అన్నదగ్గరే చిక్కు. ఒక వెబ్ సిరీస్‌లోని బూతుల మీద వచ్చిన కేసులో 2024 మార్చిలో సుప్రీంకోర్టు, బూతు మాట ఉన్నంత మాత్రాన అది అశ్లీలం కాదంది. వినడానికి రోతగా ఉండొచ్చు, కామాన్ని రెచ్చగొట్టనప్పుడు అశ్లీలమనలేం అంది. ఆ తీర్పు రాసింది మన తెలుగు జడ్జి, జస్టిస్ పి.ఎస్.నరసింహ. అది ఇంటర్నెట్‌లో పెట్టేవాటికి వర్తించే ఐటీ చట్టం కేసు, 296ది కాదు. అయినా ఫోన్లో ఫ్రెండ్‌ని అన్న ఊతపదానికి పోలీసులొస్తారని మీవాణ్ణి బెదిరించకండి, వాడు నమ్మడు. అదే మాట ఒక ఆడపిల్లను అవమానించాలని అంటే న్యాయ సంహితలోనే 79వ సెక్షన్ ఉంది, మూడేళ్ళ దాకా జైలు. ఇది మాత్రం తప్పకుండా చెప్పండి.

"పెద్దాయన ఏమనుకుంటాడు" అన్న వాదనతో మీరు గెలవలేరు. ఇలా అడిగి చూడండి: తగాదా ఇద్దరు మగపిల్లలది, అది కూడా ఉత్తుత్తి తగాదా, మధ్యలో ఇంట్లో ఉన్న అమ్మా అక్కా ఏం చేశారని? ఆ ఊతపదాలన్నీ తిరిగి తిరిగి ఒక్క చోటికే ఎందుకొస్తున్నాయో వాణ్ణే చెప్పమనండి. ఇంకో సంగతి కూడా గమనించండి. డెలివరీ అబ్బాయిని "అన్నా", వాచ్‌మన్‌ని "అంకుల్" అంటాడా లేదా? మనం "ఏయ్ వాచ్‌మన్" అనే పెరిగాం. ఆ లెక్కలో వాడు మనకంటే ముందున్నాడు, ఆ ముక్క కూడా వాడి చెవిన వేయండి.

సిరీస్ సంగతంటారా, ఒక ఇయర్‌ఫోన్ కొనివ్వండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే యాప్‌లో పేరెంటల్ లాక్ పెట్టుకోండి. 13 ఏళ్ళు, ఆపై రేటింగ్ ఉన్నవాటికి ఆ తాళం ఇచ్చి తీరాలని 2021 ఐటీ నిబంధనల్లో ఉంది.

ప్రశ్న: మాది సూర్యాపేట దగ్గర పల్లె. మాదాపూర్‌లో ఉద్యోగం. టీమ్ లీడ్‌ది గుంటూరు. "అన్నా, నువ్వు చెప్పినట్టే చేసిన" అన్నందుకు నాకు మర్యాద తెల్వదన్నడట. మేం మా నాయననే నువ్వు అంటం. నేనేం తప్పు చేసిన?
- ఎస్., కొండాపూర్

జవాబు: ఏ తప్పూ చేయలేదు తమ్ముడూ. మీ పల్లెలో "అన్నా" అనడంతోనే మర్యాద ఇచ్చేసినట్టు. ఆయనకేమో "మీరు", "గారు" పడందే మాట చెవికెక్కదు. చాయ్ దగ్గర ఒకసారి మీ నాయన సంగతి చెప్పు, అర్థం చేసుకుంటాడు. మెయిల్‌లో, క్లయింట్ కాల్‌లో మాత్రం "మీరు" అను, కొత్తవాళ్ళకి మీ ఇంటి అలవాటు తెలియదు కదా. అన్నట్టు, "అన్నడట" అని రాశావు. ఆ మాట నీదాకా మోసుకొచ్చినవాడితో కాస్త చూసుకుని మాట్లాడు.