ప్రభుత్వ ఇళ్ల కాలనీలో షాపులు నడిమధ్యలో పెడితే నడుస్తాయా?

1,200 ఇళ్ల కాలనీకి నడిమధ్యలో, రెండంతస్తుల్లో, 40 షాపుల కాంప్లెక్స్ ప్లాన్ చేస్తున్నాం, సరిపోతుందా అని అడిగారు. ఎన్ని షాపులన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ ‘నడిమధ్య’ అన్న మాట చూసి నాకు టెన్షన్ వచ్చింది. ఇదే తప్పు నేనూ చేశాను కాబట్టి.

ఇలాంటి ఒక ప్రాజెక్టుకు లేఔట్ గీసినవాళ్లలో నేనొకణ్ణి. షాపుల్ని సరిగ్గా మధ్యలో పెట్టాం. ఏ బ్లాకు నుంచైనా దాదాపు ఒకటే దూరం. కాగితం మీద ముచ్చటగా ఉంది, మీటింగ్‌లో ఎవరూ కాదనలేదు. ఇళ్లు అప్పగించిన ఏడాదికి వెళ్లి చూస్తే సగం షట్టర్లు దించే ఉన్నాయి. గేటు బయట బస్టాప్ దగ్గర మాత్రం తోపుడు బండ్లు బారులు తీరాయి. గేటుకు దగ్గరున్న బ్లాకుల్లో కింది ఇళ్ల కిటికీలు కౌంటర్లయిపోయాయి. ఓ సాయంత్రం అక్కడే రెండు గంటలు నిలబడ్డాను. పని నుంచి వచ్చేవాళ్లు బస్సు దిగుతున్నారు, కావాల్సింది అక్కడే కొనుక్కుంటున్నారు, ఇంటికి పోతున్నారు. మా కాంప్లెక్సుకు రావాలంటే చాలామంది సొంత ఇల్లు దాటుకుని ముందుకు వెళ్లాలి. అలసిపోయి వచ్చిన మనిషి ఎందుకు వెళ్తాడు?

సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, ఇది మేం చదువుకున్న పాఠమే. అమెరికా ప్లానర్ క్లారెన్స్ పెర్రీ 1929లో ప్రతిపాదించిన ‘నైబర్‌హుడ్ యూనిట్’ అనే కాలనీ నమూనాలో మధ్యలో ఉండేది బడి. షాపులు అంచున, పెద్ద రోడ్లు కలిసే మూలల్లో ఉంటాయి. అక్కడైతే పక్క కాలనీ వాళ్లూ వస్తారు, సరుకు బండ్లు లోపలి వీధుల్లోకి రానక్కర్లేదు. బడికి పనికొచ్చే సూత్రాన్ని మేం షాపులకు తగిలించాం. పేరున్నవాళ్లూ దీన్ని తప్పించుకోలేదు లెండి. ఫ్రాన్స్‌లోని మార్సేలో ప్రఖ్యాత ఆర్కిటెక్ట్ లె కార్బూజియే కట్టిన, 1952లో పూర్తయిన 337 ఇళ్ల భవనంలో షాపుల వీధిని ఏడు, ఎనిమిది అంతస్తుల్లో పెట్టారు. రోడ్డు మీద పోయేవాడికి అది కనబడదు, ఉన్న ఇళ్ల గిరాకీ ఒక్కటీ చాలలేదు.

కాబట్టి ముఖ్యమైన షాపులు జనం రోజూ నడిచే దారిలో, బస్టాప్‌కీ గేటుకీ మధ్య పెట్టండి. పెద్ద రోడ్డు దాటాల్సిన పని మాత్రం రాకూడదు, చిన్నపిల్లల్ని సరుకులకు పంపేది మనమే కదా. దూరపు బ్లాకుల్లో ముసలివాళ్ల కోసం లోపల రెండు మూడు చిన్న షాపులు విడిగా ఉండాలి. సింగపూర్‌లో ప్రభుత్వ ఇళ్ల సంస్థ హెచ్‌డీబీ చేసేదీ ఇంచుమించు ఇదే: రోజూ కావాల్సినవి బ్లాకుల దగ్గర, ఎప్పుడో కావాల్సినవి టౌన్ సెంటర్‌లో.

ఇక 40 సంగతి. కేటాయించిన ఇళ్లు వేరు, మనుషులు కాపురం ఉంటున్న ఇళ్లు వేరు. ప్రభుత్వ ఇళ్లలోకి అందరూ ఒకేసారి రారు. మా దగ్గర మొదట్లో తెరిచినవాళ్లు అప్పు చేసి సరుకు నింపారు. అప్పటికి చేరింది నాలుగో వంతు కుటుంబాలే. ఎనిమిది నెలల్లో ముగ్గురు మూసేశారు. జనం నిండాక మళ్లీ రమ్మంటే వాళ్లు రాలేదు, నేనైనా రాను. నేనైతే ముందు ఓ పన్నెండు కట్టి, మిగతా స్థలం ఖాళీగా ఉంచుతాను. పై అంతస్తు వద్దు. మెట్లెక్కి పాల ప్యాకెట్ కొనేవాళ్లు ఉండరు. కట్టక తప్పదంటే క్లినిక్‌కో ట్యూషన్లకో ఇవ్వండి.

అద్దె విషయంలో గట్టిగా నిలబడండి. అన్ని షాపులూ వేలం వేయాలని పై నుంచి ఒత్తిడి వస్తుంది. వేలంలో ఎక్కువ పాడగలిగేవాడు కూరగాయలు అమ్మడు. మాకు నాలుగు మొబైల్ షాపులు వచ్చాయి, మందుల షాపు ఒక్కటీ రాలేదు. కనీసం కిరాణా, కూరగాయలు, మందులకు అద్దె ముందే ఖాయం చేసి, మొదటి ఏడాది సగమే తీసుకోండి. హాంకాంగ్‌లో ప్రభుత్వ ఇళ్ల సంస్థ హౌసింగ్ అథారిటీ 2005లో సుమారు 180 షాపింగ్ సెంటర్లు, కార్ పార్కులను లింక్ రీట్ అనే రియల్ ఎస్టేట్ పెట్టుబడి ట్రస్టుకు అమ్మేసింది. అద్దెలు పెరిగి పాత చిన్న షాపులు పోతున్నాయని అక్కడి జనం ఏళ్ల తరబడి గొడవ చేస్తూనే ఉన్నారు.

కిటికీ కౌంటర్ల వాళ్లకు నోటీసులు ఇవ్వకండి. మావాళ్లు ఇచ్చారు. కౌంటర్లు వారం మూతపడి మళ్లీ తెరుచుకున్నాయి. గిరాకీ ఎక్కడుందో ఉచితంగా చూపిస్తున్న మనుషులు వాళ్లు, రెండో దశ ప్లాన్ వాళ్లను చూసే గీశాం.

ఇంకొకటి, టాయిలెట్. మా కాంప్లెక్సులో షాపులవాళ్ల కోసం టాయిలెట్ కట్టడమే మర్చిపోయాం. టైలరింగ్ షాపు పెట్టిన ఆవిడ పొద్దున్నుంచి రాత్రి దాకా అక్కడే ఉండేది, రోజుకు రెండుసార్లు షట్టర్ దించుకుని మూడో బ్లాకులో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్లి వచ్చేది. ఆ సంగతి ఆవిడ చెప్పేదాకా మా డ్రాయింగుల్లో ఎవరికీ తట్టలేదు.