గుండె పంపు సంగతి తర్వాత, ముందు పాప వాంతుల సంగతి చూడండి

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు. డైలేటెడ్ కార్డియోమయోపతి (గుండె సాగిపోయి బలహీనపడే జబ్బు) అని ఏడాది క్రితం చెప్పారు. ఈఎఫ్ (గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు బయటికి పంపే రక్తం వాటా) 22 శాతం. మందులకు లొంగకపోతే గుండె మార్పిడి చేయాలని, అప్పటిదాకా బెర్లిన్ హార్ట్ లాంటి పంపు పెట్టాల్సి రావచ్చని కార్డియాలజిస్ట్ అన్నారు. అది పెడితే స్కూలుకు వెళ్లొచ్చా? ఎన్నేళ్లు పనిచేస్తుంది? రెండు వారాలుగా తినగానే వాంతులు, కడుపునొప్పి. మెడికల్ షాపులో అడిగి గ్యాస్ సిరప్ పోస్తున్నాం. స్కూల్లో మాటిమాటికీ బాత్రూమ్‌కు వెళ్లాల్సి వస్తోందని లాసిక్స్ (ఒంట్లో నీటిని మూత్రంగా పోగొట్టే మందు) ఒక పూట ఆపేశాం.
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మీరు అడిగింది పంపు గురించి. నాకు టెన్షన్ పెట్టింది మాత్రం మీరు చివర్లో రాసిన సంగతులు. గుండె బలహీనంగా ఉన్న పిల్లల్లో వాంతులు, కడుపునొప్పి, అన్నం వద్దనడం చాలాసార్లు గ్యాస్ వల్ల కాదు. గుండె సరిగా పంప్ చేయలేక కాలేయం ఉబ్బుతుంది, పేగులకు రక్తం చాలదు. పెద్దవాళ్లలా కాళ్ల వాపు కనిపించకపోవచ్చు. పాపను నేను చూడలేదు కాబట్టి ఇదే కారణమని అనలేను, మామూలు ఇన్ఫెక్షన్ కూడా కావచ్చు. కానీ ఆ తేల్చడం మెడికల్ షాపు పని కాదమ్మా. రెండు వారాలు చాలా ఎక్కువ.

ఇవాళే కార్డియాలజిస్ట్‌కు ఫోన్ చేసి పాపను చూపించండి. మగతగా ఉన్నా, చేతులు కాళ్లు చల్లబడినా, మూత్రం తగ్గినా, పడుకోలేక లేచి కూర్చుంటున్నా, స్పృహ తప్పినా నేరుగా ఎమర్జెన్సీకే. లాసిక్స్ ఆపేశామని దాచకుండా చెప్పండి. మీ అంతట మీరు డోసు పెంచేయొద్దు, వాంతులతో పొటాషియం ఇప్పటికే పడిపోయి ఉండొచ్చు, లాసిక్స్‌తో ఇంకా తగ్గొచ్చు. బాత్రూమ్ ఇబ్బంది ముందే చెప్పి ఉంటే మాత్ర వేళలు మార్చేవారు. రోజూ పొద్దున్నే బరువు చూడండి. రెండు మూడు రోజుల్లోనే పెరిగితే అది నీరే అనుకోవాలి. జ్వరమొస్తే ఐబుప్రొఫెన్ కలిసిన సిరప్ వద్దు, ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలిపేస్తుంది. పారాసిటమాల్‌తో కలిపి కూడా అమ్ముతారు, సీసా మీద చదవండి.

ఇక పంపు. బెర్లిన్ హార్ట్‌లో పంపు ఒంటి బయటే ఉంటుంది. పొట్ట మీదుగా వెళ్లే గొట్టాలు దాన్ని గుండెకు కలుపుతాయి, గాలి ఒత్తిడితో యంత్రం నడిపిస్తుంది. పసిపిల్లలకు 10 మిల్లీలీటర్ల సైజు నుంచీ ఉన్నాయి. అమెరికా ఎఫ్‌డీఏ 2011లో అనుమతించింది. ఇది ఏళ్ల తరబడి వాడేది కాదు, గుండె దొరికేదాకా నిలబెట్టడానికి. ఎక్కువమంది పిల్లలు అప్పటిదాకా ఆస్పత్రిలోనే ఉంటారు. హార్ట్‌మేట్ 3 లాంటివి ఛాతీలో పెడతారు, బ్యాటరీలతో ఇంటికి, కొందరు స్కూలుకు కూడా వెళ్తారు. ఏడేళ్ల పాప ఛాతీలో అది పడుతుందో లేదో కొలిచి చెప్పాలి.

ఏ పంపుకైనా గడ్డకట్టడం, పక్షవాతం, రక్తస్రావం, ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది. రక్తం పలచబరిచే మందు కచ్చితంగా వాడాలి. లాసిక్స్ ఆపినట్టు దాన్ని ఆపితే పంపులోనే గడ్డ కట్టొచ్చు. అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను.

ఇంకొకటి. కిడ్నీలు, కాలేయం దెబ్బతిన్నాక పంపు పెడితే ఫలితం అంత బాగుండదు. పాప నడుస్తూ తిరుగుతున్నప్పుడే పిల్లల గుండె మార్పిడి చేసే ఆస్పత్రిలో ఒకసారి చూపించండి. ఎడమ కరోనరీ రక్తనాళం సరైన చోట నుంచే మొదలైందా, గుండె లయలో తేడా ఉందా అన్నవి చూశారేమో అడగండి, ఆ రెండింటికీ వేరే వైద్యం ఉంది. మార్పిడి అవసరమని తేలితే తెలంగాణ ప్రభుత్వ అవయవదాన పథకమైన జీవన్‌దాన్‌లో నమోదు ఆ ఆస్పత్రే చూసుకుంటుంది. ఖర్చు అంచనా మాత్రం రాయించుకుని తీసుకోండి.