తుప్పు గీకే పని అని తీసిపారేయకండి

ప్రశ్న: మాది దేవరకొండ. మా బిడ్డ ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. విమానాల మెయింటెనెన్స్ కోర్సు, అదే ఏఎంఈ (ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీరింగ్) చదువుతానని పట్టుబట్టింది. ఎప్పుడు చూసినా విమానాల లోహాలు, తుప్పు అంటూ వీడియోలే. లక్షలు పోసి తుప్పు గీకే పనికి పంపాలా? ఏరోనాటికల్ బీటెక్ అయితే గౌరవంగా ఉంటుంది కదా? రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: మీ బెంగ ఫీజు గురించి కాదు. బిడ్డ ఏం చేస్తోందని నలుగురు అడిగితే మెకానిక్ అని చెప్పుకోవాలా అన్నదే మీ బాధ. ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తాయి, అన్నింటి అడుగునా ఇదే ఉంటుంది. దయచేసి ఆ మాట బిడ్డ ముందు అనకండి. చిన్నచూపు చూసేముందు ఆ పని ఏమిటో తెలుసుకోండి.

1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 విమానం 24,000 అడుగుల ఎత్తులో ఉండగా ముందు భాగం పైకప్పు ఊడి ఎగిరిపోయింది. సిబ్బందిలో ఒకామె చనిపోయింది. రేకుల అతుకుల్లో జిగురు పట్టు వదిలింది, తుప్పు పట్టింది, రివెట్ల దగ్గర పగుళ్లు పుట్టాయి. తనిఖీల్లో ఎవరూ పట్టుకోలేదు. మీరు గీకుడు అంటున్న పని మొదలయ్యేది ఆ పట్టుకోవడంతోనే.

విమానం రేకు ఉత్త అల్యూమినియం కాదు. 2024 నంబరు మిశ్రమంలో రాగి, 7075 నంబరు దానిలో జింకు ప్రధానంగా కలుస్తాయి. వాటితో బలం పెరుగుతుంది, తుప్పును తట్టుకునే గుణం తగ్గుతుంది. అందుకే చాలా రేకులకు పైన స్వచ్ఛమైన అల్యూమినియం పలుచని పొరగా ఉంటుంది. టాయిలెట్, గ్యాలీల (విమానంలోని వంటగదుల) కింది నేల, బ్యాటరీ ఉండే చోటు, చక్రాల గూళ్లు, కీళ్లు ముందుగా వెతకాల్సిన జాగాలు. తెల్లటి పొడి, పెయింట్ బుడగలు, పెయింట్ కింద సన్నటి వంకర గీతలు కనిపిస్తే అనుమానించాలి. చెమ్మెక్కిన గోడకు సున్నం ఉబ్బినట్టు రివెట్ల మధ్య రేకు ఉబ్బిందంటే, లోపల తుప్పు అప్పటికే బాగా పేరుకుందని అర్థం.

గీకడానికీ లెక్క ఉంది. అల్యూమినియం మీద స్టీల్ బ్రష్ వాడితే ఇనుప తునకలు ఇరుక్కుని కొత్త తుప్పు మొదలవుతుంది. అల్యూమినియం ఆక్సైడ్ కాగితమో నైలాన్ ప్యాడో వాడాలి. మామూలు పెన్సిల్‌తో గుర్తు కూడా పెట్టకూడదు, అందులోని గ్రాఫైట్ కూడా తుప్పుకు దారి తీస్తుంది. తుప్పు పూర్తిగా తీశాక గుంటను లోతుకు 20 రెట్ల పొడవున వాలుగా నున్నగా చేయాలి, లేకపోతే ఆ అంచు దగ్గరే పగులు పుడుతుంది. గుంట లోతు 0.001 అంగుళం దాకా అయితే తేలిక తుప్పు, 0.010 దాకా మధ్యస్థం, దాటితే తీవ్రం అని సాధారణంగా లెక్కిస్తారు. ఆ భాగాన్ని ఉంచాలా మార్చాలా అన్నది మాత్రం తయారీ కంపెనీ రిపేర్ మాన్యువల్‌లోని హద్దును బట్టే. తర్వాత కడిగి, నీళ్ల పొర ఎక్కడా తెగకుండా పరుచుకుందో లేదో (జిడ్డు పోయిందనడానికి అదే గుర్తు) చూసి తుప్పును ఆపే అలోడైన్ రసాయన పూత, ఆపైన ప్రైమర్, పెయింట్. బ్యాటరీ ద్రవం ఒలికితే? లెడ్ యాసిడ్‌దైతే వంటసోడా నీళ్లు. నికెల్ కాడ్మియందైతే అది క్షారం కాబట్టి బోరిక్ యాసిడ్ లేదా వెనిగర్. రెండూ తారుమారు చేస్తే ఆ ద్రవం లోహాన్ని తినేస్తూనే ఉంటుంది. ఇది కెమిస్ట్రీ తెలిసినవాళ్ల పని.

తుప్పు పట్టకుండా వేసే క్రోమేట్ ప్రైమర్లు క్యాన్సర్ కారకాలు కాబట్టి మాస్కు, గ్లవ్స్ తప్పవు. రాత్రి షిఫ్టులూ ఉంటాయి. ఆడపిల్ల అని మీరు వెనకాడుతుంటే, ముందు ఆమెనే అడగండి.

ఇక పోలిక. ఏరోనాటికల్ బీటెక్ డిజైన్ వైపు చదువు. ఆ డిగ్రీతో విమానం ఎగరొచ్చని సంతకం పెట్టే హక్కు రాదు. ఈ బ్రాంచి మీద మోజు చూస్తే నాకు అనుమానమే. విమానం బొమ్మ చూసి చేరి, చివరికి సాఫ్ట్‌వేర్ శిక్షణ వెతుక్కునే పిల్లలు తక్కువేం కాదు. సంతకం హక్కు డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) ఇచ్చే లైసెన్స్‌తోనే వస్తుంది. మీ బిడ్డకు నచ్చే దారి అందులో బీ1.1 కేటగిరీ, అంటే టర్బైన్ ఇంజిన్ విమానాల బాడీ, ఇంజిన్ల పని.

అయితే ఏఎంఈ బ్రోచర్లనూ నమ్మకండి. కోర్సు అయిపోగానే లైసెన్స్ చేతికి రాదు. లైసెన్స్ పరీక్షల్లో ఒక్కో మాడ్యూల్‌లో (సబ్జెక్టులో) 75 శాతం తెచ్చుకోవాలి, ఆమోదం ఉన్న కోర్సు చేసినా రెండేళ్ల పని అనుభవం కావాలి. జాబ్ గ్యారంటీ అని ఎవరన్నా అంటే లేచి వచ్చేయండి.

ఆమె మనసు విమానం కన్నా లోహం మీదే ఉంటే మెటలర్జీ బీటెక్ కూడా ఉంది. వరంగల్ ఎన్‌ఐటీలో ఆ బ్రాంచి ఉంది. విమానాల లోహాల మీద పనిచేసే మిధాని, డీఎంఆర్‌ఎల్ రెండూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. దూరం పంపాలన్న భయమూ పెట్టుకోకండి. మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా వస్తే హెలికాప్టర్ బాడీలు తయారయ్యే ఆదిబట్ల, ఆపైన విమానాల రిపేర్ హ్యాంగర్లున్న శంషాబాద్. పట్టుబట్టి చదువుతానంటున్న పిల్ల దారి తప్పదు.

ఫీజు కట్టే ముందు డీజీసీఏ ఆమోదిత సంస్థల జాబితాలో ఆ కాలేజీ పేరు, బీ1.1 కేటగిరీ, ఆమోదం గడువు మూడూ చూడండి. ఇంజిన్, విమానం మీద ప్రాక్టికల్స్ ఎక్కడ చేయిస్తారో రాతపూర్వకంగా అడగండి. వెళ్లేటప్పుడు బిడ్డను వెంట తీసుకెళ్లండి. ప్రశ్నలు ఆమెనే అడగనివ్వండి.