తొలి ఆల్బమ్ కోసం డిపాజిట్ అంతా తీసేయాలా?

ప్రశ్న: మేం నలుగురం కలిసి ఒక డాన్స్-పంక్ (జనాన్ని ఆడించే లయతో సాగే పంక్ రాక్) బ్యాండ్ నడుపుతున్నాం. ఏ కంపెనీ అండా లేదు. నేను బేస్ గిటార్ వాయిస్తాను, పగలు ఉద్యోగం చేస్తాను. పది పాటలతో మా తొలి ఆల్బమ్ రికార్డింగ్, మిక్సింగ్ పూర్తయ్యాయి. మొత్తం నిడివి 44 నిమిషాలు. మాస్టరింగ్ (విడుదలకు ముందు శబ్దానికి దిద్దే చివరి మెరుగు), వినైల్ రికార్డులు, ఒక వీడియో, ప్రచారం మిగిలాయి. నా దగ్గర ఎనిమిది నెలల ఇంటి ఖర్చుకు సరిపడా ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. మిగతా ముగ్గురి దగ్గర పెద్దగా డబ్బు లేదు. డ్రమ్మర్ పర్సనల్ లోన్ తీసుకుంటానంటున్నాడు. ఒక చిన్న లేబుల్ (రికార్డులు విడుదల చేసే కంపెనీ) అడ్వాన్స్ ఇస్తానంటోంది, మా గాయనికి అది ఇష్టం లేదు. డిపాజిట్ అంతా పెట్టేస్తే ఎప్పటికి తిరిగి వస్తుంది? నాకు 34 ఏళ్లు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అనిపిస్తోంది.

జవాబు: అంతా తీయకండి. రెండు నెలల ఖర్చుకు సమానమైన మొత్తం తీయండి, మిగతా ఆరు నెలలది ముట్టుకోకండి. ఆ రెండు నెలల డబ్బు కూడా పైసా తిరిగి రాకపోయినా ఇల్లు గడుస్తుంది అనుకుంటేనే తీయండి. ఎప్పటికి వస్తుందని అడిగారు. తొలి ఆల్బమ్‌కు పెట్టిన సొమ్ము చాలా బ్యాండ్‌లకు పూర్తిగా వెనక్కి రాదు. వచ్చినవాళ్లకు కూడా షోల దగ్గర టీషర్టులు, రికార్డులు అమ్మగా వచ్చిందే ఎక్కువ. కాబట్టి దీన్ని పెట్టుబడిగా లెక్క వేయకండి, ఇష్టమైన పనికి పెట్టే ఖర్చుగానే రాసుకోండి.

ఆరు నెలలు ఎందుకంటే, ఆల్బమ్ ఆడకపోతే అన్న భయం ఒక్కటే కాదు. ఆడితే కూడా ఆ డబ్బు కావాలి. నాలుగు ఊళ్ల నుంచి షోలకు పిలుపు వచ్చిందనుకోండి, మీరు జీతం లేని సెలవు పెట్టాలి. షో డబ్బు చేతికి రాకముందే ప్రయాణం ఖర్చు మీరే పెట్టుకోవాలి. ఆ సమయంలో డిపాజిట్ ఖాళీగా ఉంటే వచ్చిన అవకాశాన్ని మీరే వద్దనాల్సి వస్తుంది.

ఇక మీరు అడగని విషయం ఒకటి ఉంది. నాకు దాని గురించే ఎక్కువ టెన్షన్. మీరు పెట్టబోయే డబ్బు ఏమిటి? బ్యాండ్‌కు ఇచ్చే అప్పా, మీరు కొనుక్కునే వాటానా, స్నేహితులకు కానుకా? మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మీ నలుగురూ ఎప్పుడూ మాట్లాడుకుని ఉండరని నా అనుమానం. మీరేమో అప్పు అనుకుంటారు, వాళ్లేమో 'మనవాడు మన కోసం పెట్టాడు' అనుకుంటారు. బ్యాండ్‌లు విడిపోయేది ఇలాంటి చోటే.

నన్నడిగితే వడ్డీ లేని అప్పుగా రాసుకోండి. ఆల్బమ్ అమ్మకాల నుంచి వచ్చే డబ్బులో మొదట మీ అప్పు తీరాలి, ఆ తర్వాత నలుగురికీ సమానం. షోల డబ్బును మాత్రం ఇందులో కలపకండి. ప్రయాణం, అద్దె ఖర్చులు పోగా మిగిలింది మొదటి షో నుంచే నాలుగు భాగాలు చేయండి. రాత్రంతా డ్రమ్స్ వాయించి ఇంటికి ఉత్త చేతులతో వెళ్లే మనిషి మూడో షోకు మొహం మాడ్చుకుంటాడు, అందులో అతని తప్పేమీ లేదు. బ్యాండ్ విడిపోతే తీరని అప్పు ఏమవుతుందో, పేరు ఎవరిదో, మిగిలిన రికార్డులు ఎవరివో కూడా అదే కాగితంలో రాసుకుని నలుగురూ సంతకం పెట్టండి. బ్యాండ్ పేరున విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరిచి, ఇద్దరి సంతకం ఉంటేనే డబ్బు బయటికి వచ్చేలా పెట్టుకోండి.

ఇదే కూర్చోవడంలో పాటల హక్కుల వాటా కూడా తేల్చేయండి. ప్రతి పాటకూ రెండు హక్కులు ఉంటాయి. ఒకటి పాట రాసి బాణీ కట్టినవాళ్లది, రెండోది రికార్డింగ్‌ది. డబ్బు రెండు దారుల్లో విడివిడిగా వస్తుంది. రికార్డింగ్‌కు అందరూ కలిసి ఖర్చు పెట్టారు కాబట్టి అక్కడ గొడవ తక్కువ. బాణీ దగ్గరే చిక్కు. సాధారణంగా సాహిత్యం, రాగం ఎవరివో వాళ్లనే పాట కర్తలుగా చూస్తారు. మీ సంగీతంలో పాట పుట్టేది రిహార్సల్ గదిలో బేస్, డ్రమ్స్ కలిసి పట్టుకున్న నడక నుంచి. జనం ఆడేది కూడా దానికే. అయినా వాటా రాసేటప్పుడు గాయని, గిటార్ పేర్లు మాత్రమే మిగిలిపోయే ప్రమాదం ఉంది. పది పాటలకూ నాలుగు సమాన వాటాలు రాసేసుకోండి. మీరు బేసిస్ట్ అని మీ పక్షం మాట్లాడటం లేదు, ఈ రకం సంగీతానికి అదే న్యాయం అనిపిస్తుంది. ఆ తర్వాత మీ దేశంలోని సంగీత హక్కుల సంఘంలో పాటలు నమోదు చేయించండి. సొంత పాటలు స్టేజి మీద వాయించినప్పుడు ఆ జాబితా పంపితే చాలా దేశాల్లో సంఘాలు దానికీ డబ్బు ఇస్తాయి. షోల మీద బతికే బ్యాండ్ ఈ డబ్బు వదులుకోకూడదు.

ఇప్పుడు వినైల్. మీ బడ్జెట్‌లో ఎక్కువ మింగేది ఇదే. 12 అంగుళాల రికార్డు ఒక్కో వైపు సుమారు 22 నిమిషాలు పడుతుంది కాబట్టి 44 నిమిషాలు సరిగ్గా సరిపోతుందనే అనుకుని ఉంటారు. అయితే బేస్ ఎంత బలంగా ఉంటే రికార్డు మీద కోసే గాడి అంత వెడల్పు కావాలి. శబ్దం గట్టిగా రావాలన్నా అంతే. అన్ని నిమిషాలు ఇరికిస్తే శబ్దం స్థాయి తగ్గించాలి, లేదా బేస్ కోసేయాలి. డాన్స్ సంగీతంలో ఆ రెండూ కుదరవు. వైపుకు 18 నిమిషాల లోపు ఉంటే మంచిది. అంటే మీరు రెండు డిస్కులకు వెళ్లాలి, ఖర్చు దాదాపు రెట్టింపు. లేదా రెండు పాటలు వినైల్ నుంచి తీసి డిజిటల్‌లో మాత్రమే ఉంచాలి. నేనైతే రెండోది చేస్తాను. వినైల్‌కు మాస్టరింగ్ వేరుగా చేయించాలని కూడా గుర్తుంచుకోండి, డిజిటల్ ఫైలే పంపేస్తే తర్వాత బాధపడతారు.

రికార్డుల ఖర్చులో చాలా భాగం ముందే పడుతుంది. లక్క పలక మీద గాడి కోయడం, లోహపు అచ్చులు, టెస్ట్ ప్రెస్సింగ్ (విని చూడటానికి ముందుగా తీసే కాపీలు), ఇవన్నీ వంద కాపీలకైనా ఐదు వందలకైనా ఒకటే ఖర్చు. అందుకే ఎక్కువ ముద్రిస్తే కాపీ ఒక్కోటి చవక పడుతుంది, ఆ లెక్క చూసే బ్యాండ్‌లు మోసపోతాయి. అమ్ముడుపోని మూడు వందల కాపీలు చవకగా పడ్డాయని ఎవరికి లాభం? పైగా ఆర్డర్ ఇచ్చాక సరుకు రావడానికి నెలలు పట్టవచ్చు, అన్నాళ్లూ మీ డబ్బు ప్రెస్ దగ్గరే ఉంటుంది. ముందు ప్రీఆర్డర్ (విడుదలకు ముందే కొనుక్కునే వీలు) తెరవండి. బ్యాండ్‌లు తమ పాటలు, రికార్డులు నేరుగా అమ్ముకునే సైట్ బ్యాండ్‌క్యాంప్‌లో డిజిటల్ అమ్మకం మీద 15 శాతం, రికార్డులు, టీషర్టుల మీద 10 శాతం కమిషన్ పోతుంది. చెల్లింపు చార్జీలు వేరే. 2020లో మొదలైన బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే రోజుల్లో వాళ్లు తమ కమిషన్ వదులుకుంటారు, అలాంటి రోజు చూసి తెరిస్తే మీకు ఇంకాస్త మిగులుతుంది. ముద్రణ ఖర్చులో సగమైనా ప్రీఆర్డర్ల నుంచి వస్తేనే వినైల్‌కు వెళ్లండి. రాకపోతే కొనుక్కున్నవాళ్ల డబ్బు వాపసు ఇచ్చేసి, టీషర్టులతో సరిపెట్టుకోండి.

స్ట్రీమింగ్ ఆదాయాన్ని బడ్జెట్‌లో సున్నా అని రాసుకోండి. స్పాటిఫైలో ఒక్కో వినికిడికి స్థిరమైన రేటు ఉండదు. వచ్చిన ఆదాయాన్ని మొత్తం వినికిళ్లలో ఎవరి వాటా ఎంతో చూసి పంచుతారు. 2024 నుంచి, గత 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినని పాటకు రికార్డింగ్ రాయల్టీయే లేదు. పాటలను అక్కడికి చేర్చే డిస్ట్రిబ్యూటర్‌ను ఎంచుకునేటప్పుడు కూడా ఒక సంగతి చూడండి. డిస్ట్రోకిడ్ ఏటా రుసుము తీసుకుంటుంది, కట్టడం మానేస్తే పాటలు దిగిపోవచ్చు. సీడీ బేబీ విడుదలకు ఒకసారి రుసుము, ఆపైన ఆదాయంలో 9 శాతం తీసుకుంటుంది. అప్పుడప్పుడే కుదురుకుంటున్న బ్యాండ్‌కు రెండోదే నయమనిపిస్తుంది. ఐదేళ్ల తర్వాత ఏటా రుసుము ఎవరు కడతారో ఎవరికి తెలుసు!

ప్రచారానికి పెద్ద మొత్తం అడిగే మనిషికంటే ముందు ఉచితంగా వచ్చేవి వాడుకోండి. విడుదలకు కనీసం 7 రోజుల ముందు స్పాటిఫై ఆర్టిస్ట్ ఖాతాలో ఒక పాటను వాళ్ల ప్లేలిస్ట్ బృందానికి పంపండి. ఆ పాట మీ ఫాలోయర్ల కొత్త విడుదలల జాబితాలోకి కూడా చేరుతుంది. ఇన్ని వేల వినికిళ్లు ఖాయం అని ఎవరైనా అమ్మజూపితే దూరంగా ఉండండి. దొంగ వినికిళ్లు బయటపడితే డిస్ట్రిబ్యూటర్ మీద జరిమానా పడుతుంది, అది తిరిగి మీ నెత్తికే వస్తుంది. వీడియోకు పెద్ద ఖర్చు వద్దు. మీ షోలో జనం ఆడుతున్న దృశ్యం కంటే మంచి ప్రకటన మీకు దొరకదు.

డ్రమ్మర్ లోన్ మాత్రం ఆపండి. వాయిదా వచ్చే నెల నుంచే మొదలవుతుంది, రికార్డులు వచ్చేది ఎన్నో నెలల తర్వాత, అమ్మకం ఆ తర్వాత. సంతకం అతనొక్కడిది, లాభమేమో నలుగురిది. అతనికి నెల జీతం ఉందో లేదో మీరు రాయలేదు, లేకపోతే మరీ ప్రమాదం.

వయసు గురించి: మీలాంటి డాన్స్-పంక్ బ్యాండే అయిన ఎల్‌సీడీ సౌండ్‌సిస్టమ్ మొదటి సింగిల్ (విడిగా విడుదల చేసే పాట) 2002లో వచ్చింది, తొలి ఆల్బమ్ 2005 జనవరిలో. అప్పటికి ఆ బ్యాండ్ నడిపే జేమ్స్ మర్ఫీకి కూడా 34 ఏళ్లే. ఆ మధ్య కాలంలో వాళ్లు తమ సొంత లేబుల్ మీద సింగిల్స్ తెచ్చారు. మీరూ రెండు సింగిల్స్ ముందు వదలండి. వాటికి వచ్చిన స్పందన చూశాకే ఎన్ని కాపీలు ముద్రించాలో తెలుస్తుంది. ఆల్బమ్ ఆరు నెలలు ఆలస్యమైతే పోయేదేమీ లేదు.

లేబుల్ అడ్వాన్స్‌ను చూడగానే తిప్పికొట్టకండి. అడ్వాన్స్‌ను సాధారణంగా మీ జేబు నుంచి తిరిగి కట్టనక్కర్లేదు, మీకు రావాల్సిన రాయల్టీలో మినహాయించుకుంటారు. చూడాల్సింది ఏమిటంటే రికార్డింగ్ హక్కు శాశ్వతంగా రాయించుకుంటున్నారా, కొన్నేళ్లకే తీసుకుంటున్నారా. లాభం పంచేముందు ఏయే ఖర్చులు తీసేస్తారు. షోలు, టీషర్టుల డబ్బులో వాటా అడుగుతున్నారా. నిర్ణీత కాలానికి లైసెన్స్, ఖర్చులు పోగా సగం సగం, షోలలో వాటా లేదు అంటే నేను ఒప్పుకుంటాను. మీ గాయని వద్దంటున్నది ఈ మూడింటిలో దేని గురించో ఆమెనే అడగండి. సంతకానికి ముందు సంగీత ఒప్పందాలు తెలిసిన లాయర్ చేత చదివించండి. ఆయన ఫీజు మాత్రం మీ రెండు నెలల డబ్బులోంచి మొదట తీసి పక్కన పెట్టండి.